తెల్ల కారు మీద గేటు రంగు పడింది, థిన్నర్ గుడ్డ మాత్రం తెచ్చుకోకు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది రాయగడ. పోయిన ఆదివారం మా పక్కింటి మాస్టారు వాళ్లు గేటుకీ, వరండా గ్రిల్స్‌కీ కంప్రెసర్ పెట్టి నల్ల ఎనామిల్ కొట్టించారు. నా తెల్ల కారు గోడకి ఇవతలే ఉంది. సాయంత్రం చూసుకుంటే బానెట్, టాప్, ఎడమ తలుపులు, అద్దాలు, ఒక హెడ్‌లైట్, అన్నిటి మీదా సన్న సన్న నల్ల చుక్కలు. కడిగితే పోలేదు, చేత్తో రాస్తే గరుగ్గా తగులుతోంది. పెయింటర్ థిన్నర్‌తో ఐదు నిమిషాల్లో తుడిచేస్తానంటున్నాడు. మా బావ పెట్రోల్ పెట్టి తుడువు అంటున్నాడు. షెడ్డులో అడిగితే మొత్తం మళ్లీ పెయింట్ వేయాల్సిందే అన్నారు. ముందు బంపరూ, ఎడమ ముందు తలుపూ రెండేళ్ల కిందట చిన్న యాక్సిడెంట్ అయ్యాక వేయించిన రంగు, మిగతాదంతా కంపెనీ రంగే. మాస్టారు మాకు బాగా కావలసిన మనిషి, గొడవ పడలేను. ఇన్సూరెన్స్‌లో వస్తుందా? ఈ శనివారం రెండో కోటు కూడా ఉందట, టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ముగ్గురి మాటా పక్కన పెట్టు. థిన్నరూ వద్దు, పెట్రోలూ వద్దు, మళ్లీ పెయింట్ అసలే వద్దు. నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే కారుకి ఇప్పటిదాకా పెద్దగా ఏమీ కాలేదు. ఇలాంటి కేసుల్లో కారు పాడయ్యేది రంగు పడ్డ రోజు కాదు, ఆ రంగు తీసేద్దామని ఎవరో ఒకరు తొందరపడ్డ రోజు.

స్ప్రే గన్‌తో కొట్టినప్పుడు గాలి ఒత్తిడికి రంగు సన్నటి తుంపరగా విడిపోతుంది. గ్రిల్ అంటే సగం ఖాళీయే కదా, కడ్డీకి తగిలిన దానికంటే మధ్యలోంచి దూసుకుపోయేదే ఎక్కువ. అలా పోయిన తుంపర గాలిలో ఎగిరి వచ్చేసరికి సగం ఆరిపోయి ఉంటుంది, అందుకే కారు మీద పడ్డాక పరుచుకోకుండా చిన్న చిన్న గుండ్రని పలుకుల్లా అతుక్కుని నిలబడుతుంది. చేతికి గరుకు తగులుతోందన్నావే, అది మంచి సంగతి. రంగు లోపలికి దిగలేదు, పైనే కూర్చుని ఉందని దానర్థం. నీళ్లకీ షాంపూకీ పోదు గానీ, ఓపిగ్గా చేస్తే ఉపరితలం మీంచి ఎత్తేయొచ్చు.

ఓపిక అన్నాను గానీ ఆలస్యం మాత్రం చెయ్యకు. ఎనామిల్ ఆరేది రెండు దశల్లో. మొదట అందులోని టర్పెంటైన్ లాంటి ద్రవం ఎగిరిపోతుంది, ఆ తర్వాత గాలిలోని ఆక్సిజన్ పట్టుకుని రంగు మెల్లగా గట్టిపడుతూ పోతుంది. ముట్టుకుంటే అంటకపోవడానికి కొన్ని గంటలు చాలు, లోపల పూర్తిగా బిగియడానికి మాత్రం రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఈ వారం తేలిగ్గా వచ్చేది వచ్చే నెల మొరాయిస్తుంది.

మొదలుపెట్టే ముందు పక్కింటికి వెళ్లి ఆ డబ్బా ఒకసారి చూడు. పెయింటర్ ఒడియా వాడో తెలుగువాడో, రాయగడలో చాలామందికి రెండు భాషలూ వచ్చు కాబట్టి అడగడానికి ఇబ్బంది లేదు. డబ్బా మీద సింథటిక్ ఎనామిల్ అని ఉంటే నేను చెప్పబోయేదంతా నీకు సరిపోతుంది. పక్కన హార్డెనర్ సీసా ఉండి రెండూ కలిపి కొట్టి ఉంటే అది పీయూ (పాలీయురేథేన్) రంగు, అది కెమికల్‌గా గట్టిపడుతుంది కాబట్టి టర్పెంటైన్ లాంటి వాటికి లొంగదు, నేరుగా క్లే (చుక్కల్ని గీరి తీసే మెత్తటి ముద్ద, కింద చెబుతాను) దగ్గరికి వెళ్లిపో. ఒకవేళ గోడలకి వేసే నీళ్ల రంగు అయ్యుంటే ఇంత కథే లేదు, తడిగా ఉన్నప్పుడే నీళ్లు కొడితే పోయేది, ఆరాక కూడా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో చాలావరకు మెత్తబడుతుంది.

ఇంకో అనుమానం కూడా తీర్చుకో. రైల్వే స్టేషన్ దగ్గరో, గూడ్స్ బళ్లు ఆగే చోటో రోజూ నిలిపే తెల్ల కార్ల మీద సన్నటి చుక్కలు వేరే ఉంటాయి. చక్రాలూ బ్రేకులూ అరిగి రాలిన ఇనుప రజను అది, తుప్పు పట్టి నారింజ రంగులో కనబడుతుంది. నువ్వు స్టేషన్ రోడ్డులో కారు పెట్టే మనిషివైతే ఆ చుక్కల్ని కూడా మాస్టారి ఖాతాలో రాయకు. వాటికి ఐరన్ రిమూవర్ అని వేరే ద్రవం దొరుకుతుంది, కొట్టిన కాసేపటికి ఊదా రంగులోకి తిరుగుతుంది. నల్లగా ఉన్నవి మాత్రమే గేటు రంగు. ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి జూమ్ చేస్తే తేడా తెలిసిపోతుంది.

ఇప్పుడు థిన్నర్ సంగతి. ఎందుకు వద్దంటున్నానో చెప్పకపోతే రేపు ఆ పెయింటర్ మంచి మాటలతో నిన్ను ఒప్పించేస్తాడు (పాపం అతనిదీ చెడ్డ ఉద్దేశం కాదు, ఇనుప గేటు మీద అతనికి రోజూ పనిచేసే మందు అదే). కంపెనీలో కారు రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికన్నా పైన చాలా కార్లకి క్లియర్ కోటు, అంటే రంగు లేని పారదర్శక పొర, ఉంటాయి. ఇవన్నీ కలిపినా మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే నువ్వు జిరాక్స్ తీయించుకునే కాగితం ఎంత మందమో దాదాపు అంతే. అందులో క్లియర్ కోటు వాటా 40, 50 మైక్రాన్లు. దాన్ని ఫ్యాక్టరీలో దాదాపు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు కాబట్టి బాగా గట్టిగా ఉంటుంది, కాసేపు ద్రావకం తగిలినా చాలావరకు తట్టుకుంటుంది. కానీ షెడ్డులో వేసిన రంగుకి ఆ కాల్పు ఉండదు. రేకుతో పాటు ప్లాస్టిక్కూ, రబ్బరూ, వైర్లూ అన్నీ అప్పటికే బిగించి ఉంటాయి కదా, బూత్ (రంగు వేసి ఆరబెట్టే వేడి గది) ఉన్న పెద్ద షెడ్డులో అయినా 60 డిగ్రీల దగ్గర ఆపేస్తారు, మన వైపు చాలా చోట్ల ఎండే బూత్. అందులోనూ పాత పద్ధతిలో ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు వేసి ఉంటే, దాన్ని పల్చన చేయడానికి పుట్టిందే థిన్నర్. గుడ్డ పెట్టి రుద్దితే నల్ల చుక్కలతో పాటు తెల్ల రంగు కూడా గుడ్డకి వచ్చేస్తుంది.

కంపెనీ రంగు మీద కూడా మేలు ఏమీ లేదు. థిన్నర్‌లో టొల్యూన్, అసిటోన్ లాంటివి ఉంటాయి. అవి నల్ల చుక్కని కరిగిస్తాయి, నిజమే, కానీ కరిగిన నలుపు ఎక్కడికి పోతుంది? గుడ్డకి కొంత, మిగతాది తెల్ల రంగు మీద పల్చటి బూడిద పొరలా పరుచుకుంటుంది. ఇదివరకు చుక్కలు ఉండేవి, ఇప్పుడు మరక. ఇలా తుడిపించుకుని మసకబారిన బానెట్‌తో వచ్చిన కార్లు చూశాను, వాటికి క్లే పనిచేయదు, పాలిష్ మీద పాలిష్ కొట్టాలి. ఇక పెట్రోల్ గురించి నీ బావకి నా తరఫున ఒక్క మాట చెప్పు, ఇంటి ముందు గిన్నెలో పెట్రోల్ పోసుకుని గంటల తరబడి ఆ ఆవిరి పీలుస్తూ కూర్చోవడం కారు కోసం చేసే పని కాదు. ఎవరో పక్కన బీడీ వెలిగిస్తే చాలు.

సరే, పని. పొద్దున్నే, కారు రేకు చల్లగా ఉన్నప్పుడు, నీడలో మొదలుపెట్టు. ముందు బాగా కడుగు, కార్ షాంపూతోనే కడుగు, బట్టల పొడి వద్దు. రెండు బకెట్లు పెట్టుకో, ఒకటి షాంపూ నీళ్లు, ఒకటి గుడ్డ జాడించే మంచినీళ్లు. ఈ కడగడం చుక్కల కోసం కాదు, మన ఎర్రమట్టి దుమ్ము కోసం. దాని మీద ఏం రుద్దినా గీతలే. కడిగి ఆరాక పల్చటి పాలిథిన్ కవర్‌లో చెయ్యి పెట్టి రేకు మీద మెల్లగా జరుపు, ఉత్త చేతికి తెలియని గరుకు కూడా అప్పుడు తెలుస్తుంది. ఎక్కడెక్కడ పడిందో అలా ఒకసారి చూసి గుర్తు పెట్టుకో, టాప్ మీద నువ్వు అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటుంది.

కంపెనీ రంగు ఉన్న చోట్ల, అంటే బానెట్, టాప్, ఎడమ వెనక తలుపు, వీటి మీద మొదట తారు మరకలు తీసే టార్ రిమూవర్ వాడి చూడు. అది దొరక్కపోతే హార్డ్‌వేర్ షాపులో మినరల్ టర్పెంటైన్ ఉంటుంది, సింథటిక్ ఎనామిల్‌లో కలుపుకునేది అదే. ముందు పెట్రోల్ మూత లోపలి వైపు కాస్త రాసి, తుడిచి, రంగు మసకబారలేదని చూసుకో. ఆ తర్వాత మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డని తడిపి చుక్కల మీద అర నిమిషం ఆనించి పెట్టి, రుద్దకుండా తుడువు. గుడ్డకి నలుపు అంటుతుంటే నీ అదృష్టం, సగం పని అక్కడే అయిపోతుంది. ప్రతిసారీ గుడ్డ కొత్త మడతకి మార్చు, లేకపోతే తీసిన నలుపునే మళ్లీ పూస్తావు. జానెడు జానెడు చోటుగా చేస్తూ, అయిన వెంటనే షాంపూ నీళ్లతో కడిగెయ్యి, కారు మీద టర్పెంటైన్ ఆరనివ్వకు. రెండు మూడు సార్లకీ ఏమీ రాకపోతే అక్కడితో ఆపెయ్యి, ఇంకా ఘాటైన ద్రవం కోసం వెతక్కు. చేతులకి గ్లవ్స్ వేసుకో.

బంపరూ, ముందు తలుపూ ఉన్నాయే, వాటి మీద ఈ టర్పెంటైన్ కూడా పెట్టకు. ఏ రంగు వేశారో నీకూ తెలియదు, నాకూ తెలియదు, ఆ షెడ్డు వాళ్లకి ఇప్పటికి గుర్తుండదు. ఆ రెండిటికీ క్లే ఒక్కటే.

క్లే బార్ అంటే చూడ్డానికి పిల్లలు ఆడుకునే మైనం ముద్దలా ఉంటుంది, లోపల కంటికి కనపడనంత సన్నటి గరుకు పొడి కలిపి ఉంటుంది. రేకు నున్నగా ఉన్న చోట జారిపోతుంది, పైకి పొడుచుకొచ్చిన పలుకు తగిలితే దాన్ని గీరి తనలో ఇముడ్చుకుంటుంది. రంగు తుంపర తీయడానికి దీన్ని మించింది లేదు. ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకి దొరుకుతుంది, రాయగడలో కనబడకపోతే విజయనగరం, విశాఖ వెళ్లేవాళ్లెవరితోనైనా తెప్పించుకో. మెత్తది అంటే ఫైన్ రకం తీసుకో. పని నెమ్మదిగా అవుతుంది గానీ గీతలు తక్కువ పడతాయి. గట్టి రకం షెడ్డు వాళ్లకి, దాని తర్వాత పాలిష్ కొట్టే మెషీన్ ఉన్నవాళ్లకి.

ముద్దలో సగం తుంచి పక్కన పెట్టు. మిగతా సగాన్ని గోరువెచ్చటి నీళ్లలో వేసి మెత్తబరిచి, నాలుగు వేళ్ల వెడల్పు బిళ్లలా నొక్కు. స్ప్రే బాటిల్‌లో నీళ్లూ, కొంచెం కార్ షాంపూ కలిపి, రెండడుగుల చోటు బాగా తడిపి, బిళ్లని వేళ్ల కింద పెట్టి ముందుకీ వెనక్కీ తిన్నగా జరుపు. గుండ్రంగా తిప్పకు, గీత పడినా తిన్నగా ఉన్నది పాలిష్‌కి తొందరగా పోతుంది, సుడులు పడితే ఎండలో ప్రతివాడికీ కనబడతాయి. అసలు నొక్కకు. నీళ్లు చాలకపోతే క్లే పట్టేస్తుంది, అప్పుడు లాగకుండా ఇంకొంచెం స్ప్రే కొట్టు. మొదట్లో గరగరమని చప్పుడొస్తుంది, చేతికి అదురు తెలుస్తుంది, కాసేపటికి జారడం మొదలవుతుంది. అంతే, ఆ చోటు అయిపోయింది. తుడిచి, పాలిథిన్ కవర్‌తో ఒకసారి చూసి పక్కకి జరుగు. క్లే వైపు చూసుకుంటూ ఉండు, నల్లబడగానే మడిచి పిసికి శుభ్రమైన వైపు బయటికి తియ్యి. కింద పడిందా, ఆ ముక్క పారెయ్యి. కడుక్కుని వాడదామని మనసు లాగుతుంది, ఒక్క ఇసుక రేణువు లోపల ఉండిపోతే చాలు, బానెట్ పొడవునా గీసేస్తుంది. సగం పక్కన పెట్టమన్నది అందుకే.

ఒక పూటలో మొత్తం కారు అయిపోతుందని అనుకోకు. ఒక రోజు బానెట్, ఇంకో రోజు టాప్, అలా చేసుకో, చెయ్యి అలిసిపోయాకే మనిషి నొక్కడం మొదలుపెడతాడు.

అద్దాలు తేలిక. నీళ్లు, షాంపూ పోసి, కొత్త బ్లేడుని హోల్డర్‌లో పెట్టి బాగా వాల్చి పట్టుకుని ఒకే వైపుకి తోస్తే చుక్కలు రాలిపోతాయి. పొడి అద్దం మీద బ్లేడు పెట్టకు, రబ్బరు బీడింగ్ దగ్గరికి పోకు. ముందు అద్దం శుభ్రం చేసేదాకా వైపర్ వేయకు. హెడ్‌లైట్‌ని మాత్రం అద్దం అనుకోకు, అది పాలీకార్బొనేట్ ప్లాస్టిక్, దానికి బ్లేడు, థిన్నర్, పెట్రోల్ మూడూ శత్రువులే. థిన్నర్ తగిలితే లోపల సన్నటి చీలికలు వస్తాయి, పైన ఎండని ఆపే పూత పోతే ఏడాది తిరిగేసరికి పసుపెక్కుతుంది. షాంపూ నీళ్లు, మెత్తటి క్లే, తేలిక చెయ్యి, అంతవరకే. ఇక అద్దాల కింద, వైపర్ల దగ్గర ఉండే నల్ల ప్లాస్టిక్ మీద కూడా రంగు పడే ఉంటుంది గానీ, నలుపు మీద నలుపు, దాని జోలికి వెళ్లకు. ఈ వ్యవహారం మొత్తంలో మాస్టారు నీకు చేసిన మేలు ఏదైనా ఉంటే నల్ల రంగు ఎంచుకోవడమే.

క్లే చేశాక కారు మీద ఉన్న పాత వ్యాక్స్ కూడా పోతుంది, కాబట్టి ఆ రోజే కాకపోయినా ఆ వారంలో ఒక కోటు వ్యాక్స్ రాయి. ఎండ వాలుగా పడ్డప్పుడు పక్కనించి చూస్తే సన్నటి గీతలు కనబడితే, సన్న రకం పాలిష్ చేత్తో కొంచెం పెట్టి రాస్తే సరిపోతుంది. రాసేటప్పుడు గుడ్డకి తెల్ల రంగు వస్తే భయపడకు, సాదా తెలుపు కార్లలో కొన్నిటికి పైన క్లియర్ కోటు ఉండదు, రంగే పై పొర. అది తెలిశాక మాత్రం చెయ్యి ఇంకా తేలిగ్గా పెట్టు. షెడ్డులో ‘ఒకసారి రబ్బింగ్ కొట్టేస్తాం’ అంటే ఊరుకోకు. ముతక కంపౌండ్ (రుద్దే గరుకు పేస్టు), ఉన్ని ప్యాడ్, ఫుల్ స్పీడ్ మెషీన్ కలిస్తే అంచుల దగ్గర క్లియర్ కోటు క్షణాల్లో పోతుంది.

మొత్తం పెయింట్ అన్నవాళ్ల మాటకొస్తే, వాళ్లకి చేతనైన పనీ, డబ్బొచ్చే పనీ అదే కాబట్టి అదే చెప్పారు. కానీ కంపెనీ రంగు ఒకసారి గరుకు కాగితం పెట్టి రుద్దేశాక మళ్లీ రాదు. రేపు కారు అమ్మేటప్పుడు కొనేవాడు మందం కొలిచే మీటర్ పెడితే, ప్రతి తలుపు మీదా లెక్క ఎక్కువ చూపిస్తే, గేటు రంగు కథ నువ్వెంత చెప్పినా పెద్ద యాక్సిడెంట్ బండే అనుకుంటాడు. తుంపరకి మళ్లీ పెయింట్ అక్కర్లేదు. గన్ దగ్గరగా పడి బొట్లు బొట్లుగా కారిన చోటు ఉంటే అది వేరే లెక్క, దాన్ని నువ్వు గోకకుండా బరంపురంలోనో విశాఖలోనో డీటెయిలింగ్ (కారు రంగుని శుభ్రం చేసి పాలిష్ పెట్టే పని) చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లు. ‘ముందు ఏం చేస్తారు?’ అని అడుగు. క్లే అన్నవాడి దగ్గర కారు వదులు, కంపౌండ్ అన్నవాడి దగ్గర వద్దు.

శనివారం సంగతి ఈ రోజే మాట్లాడు, ఆ రోజు పొద్దున కాదు. గ్రిల్స్‌కి బ్రష్‌తో వేయించమని మాస్టారిని అడుగు. కూలి కొంచెం ఎక్కువవుతుంది, రంగు మాత్రం చాలా మిగులుతుంది, గన్‌తో కొడితే గ్రిల్ సందుల్లోంచి గాలికి పోయేది ఆయన డబ్బే కదా. ఆ లెక్క చెబితే మాస్టార్లు వింటారు. కుదరదంటే కారు వేరే వీధిలో పెట్టు, గాలి ఇటు లేదులే అని ధీమాగా ఉండకు, సన్న తుంపర ఎక్కడో నాలుగిళ్ల అవతల తేలుతుంది. కవర్ కప్పేస్తే చాలదా అంటావేమో, దుమ్ము మీద కవర్ కప్పితే ఆ గాలికి అదే గీస్తుంది. రెండో కోటు కూడా అయ్యాక శుభ్రం చేద్దాంలే అని మాత్రం ఆగకు, ఇప్పుడున్న చుక్కలు శనివారానికి ఇంకాస్త గట్టిపడతాయి.

ఇన్సూరెన్స్ గురించి. నీది ఫుల్ పాలసీ అయితే అడిగి చూడొచ్చు గానీ నీ లెక్కకి నష్టం. ప్రతి క్లెయిమ్‌లోనూ 1500 సీసీ లోపు కారుకి మొదటి 1000 రూపాయలు, అంతకు మించితే 2000 నువ్వే పెట్టుకోవాలి. దానికి తోడు నో క్లెయిమ్ బోనస్ పోతుంది. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే 20 శాతం, వరసగా ఐదేళ్లకి 50 శాతం దాకా పెరిగే తగ్గింపు అది, ఒక్క క్లెయిమ్‌తో మళ్లీ సున్నా. రెండేళ్ల కిందటి యాక్సిడెంట్‌కి క్లెయిమ్ చేసి ఉంటే ఇప్పుడిప్పుడే మళ్లీ పెరుగుతూ ఉంటుంది, క్లే ముద్ద ఖరీదు కోసం దాన్ని పోగొట్టుకోకు.

మాస్టారితో గొడవ అక్కర్లేదు, కానీ మొహమాటపడి చెప్పకుండా ఊరుకోవడం కూడా సరికాదు. ఆయన్ని పిలిచి పాలిథిన్ కవర్ చేతికి తొడిగించి బానెట్ మీద ఒకసారి జరపమను, ఫొటోలు నాలుగు తీసి పెట్టుకో. క్లే, షాంపూ, టార్ రిమూవర్, వ్యాక్స్, వీటి బిల్లు ఆయనకి ఇవ్వు, ఆయన పెయింటర్ కూలిలో సర్దుకుంటారో సొంతంగా ఇస్తారో ఆయన ఇష్టం. పని మాత్రం నువ్వే చేసుకో, సాయం చేస్తానని పెయింటర్ వస్తే నీళ్ల బకెట్లు అందించమను.